హవానా సిగార్ పెట్టెల మీది పేర్లు ఎలా మాయమయ్యాయి

క్యూబా సిగార్లను ప్రపంచమంతా అమ్మే హబానోస్ సంస్థ దగ్గర ఇవాళ ఉన్న బ్రాండ్లు 27. కొహీబా, మొంతెక్రిస్తో, పర్తాగాస్, రొమియో ఇ హులియేతా లాంటి పేర్లు సిగార్ ముట్టనివాళ్లు కూడా ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. అదే 1900 ప్రాంతంలో లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ఒక పెద్ద దుకాణంలోకి వెళ్లి మంచి హవానా సిగార్ కావాలని అడిగితే హెన్రీ క్లే, కబాన్యాస్, లా కొరోనా, బోక్, వియ్యార్ ఇ వియ్యార్, లా కరోలినా, పెద్రో మూరియాస్ లాంటివి ముందు పెట్టేవాళ్లు. ఇప్పుడు ఈ పేర్లు చెబితే పాత లేబుళ్లు పోగుచేసేవాళ్లు తప్ప ఎవరూ గుర్తుపట్టరు.

దీనికి సిగార్ మ్యాగజైన్లలో మామూలుగా కనిపించే జవాబు ఒకటుంది: రుచి పడిపోయింది, జనం మానేశారు, బ్రాండ్ పోయింది. వినడానికి బాగానే ఉంది గానీ పేర్లను ఒక్కొక్కటిగా వెతుక్కుంటూ వెళ్తే ఇది పెద్దగా నిలబడదు. హవానా సిగార్ వ్యాపారంలో ఆకు రైతుది, చుట్టే చెయ్యి కూలీది, పేరు మాత్రం రిజిస్టర్‌లో ఉన్న ఒక కాగితం. ఆకూ చెయ్యీ ఉన్నచోటే ఉండగా కాగితం మటుకు చేతులు మారుతూ వచ్చింది. ఎక్కువ పేర్లు చచ్చిపోయింది ఆ కాగితం ఎవరి బీరువాలోకి వెళ్లిందో అన్నదాన్ని బట్టే.

మొదట్లో పేర్లు దాదాపు లేనట్టే. స్పెయిన్ రాజ్యం 1717లో క్యూబా పొగాకు కొనుగోలు మొత్తాన్నీ తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది, పొగాకు రైతులు తిరగబడ్డారు, 1723లో హవానా శివారులో కొందరిని చంపి అణిచేశారు కూడా. రాజుగారే ఏకైక కొనుగోలుదారు అయినప్పుడు పెట్టె మీద ఎవరి పేరు వేసుకుంటారు, ఎందుకు వేసుకుంటారు? 1817 జూన్‌లో ఏడో ఫెర్నాండో ఇచ్చిన రాజాజ్ఞతో ఆ గుత్తాధిపత్యం పోయింది, క్యూబావాళ్లు ఎవరికైనా అమ్ముకోవచ్చు అన్నారు. అప్పటినుంచే అసలు కథ. ముగ్గురు నలుగురు కూర్చుని చుట్టే చిన్న గదులు (వీటిని అక్కడ చించాల్ అంటారు) వీధివీధినా పుట్టుకొచ్చాయి. హబానోస్ తన చరిత్రలో చెప్పుకునే లెక్క ప్రకారం 1859 నాటికి హవానాలో దాదాపు 1,300 సిగార్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఇందులో ఎక్కువ భాగం చించాల్ లాంటివే అయి ఉంటాయని వేరే చెప్పక్కర్లేదు.

ఇన్ని చోట్ల తయారవుతున్న సరుకుకి ఆకు మాత్రం దాదాపు ఒకే ప్రాంతం నుంచి, అంటే దీవి పడమటి కొసన పినార్ దెల్ రియో వైపున్న వుయెల్తా అబాహో నుంచి వచ్చేది. లోపల పెట్టే ఆకు, దాన్ని పట్టి ఉంచే ఆకు, పైన చుట్టే మెత్తటి ఆకు అని మూడు రకాలు. మన గోదావరి లంకల్లో పండే ఆకుతో చుట్టే చుట్టతో పోలిస్తే పని చాలా ఎక్కువ, అయినా నేర్పున్న కూలీ ఈ ఫ్యాక్టరీలోనైనా ఆ ఫ్యాక్టరీలోనైనా అదే పని చేయగలడు. ఆకు ఒకటే, పని ఒకటే, మరి తేడా చూపించేది ఎలా? పెట్టెతో. రాళ్లమీద అచ్చేసే లితోగ్రాఫీ హవానాకి వచ్చాక బంగారు రంగు పతకాలు, రాణులు, తాటిచెట్లు, ఫ్యాక్టరీ బొమ్మలతో పెట్టె మూత లోపలివైపు ఒక చిన్న రంగుల ప్రపంచమే తయారైంది. సిగార్ నడుముకి కాగితం పట్టీ వేయడం మొదలుపెట్టింది గుస్తావ్ బోక్ అనే యూరప్ వ్యాపారి అని చాలాచోట్ల రాస్తారు. ఇందులో నిజమెంతో గానీ ఎందుకు వేశారో మాత్రం స్పష్టమే: జర్మనీలోనో బెల్జియంలోనో చుట్టిన సరుకుని హవానా పెట్టెలో పెట్టి అమ్మేసేవాళ్లు, కాబట్టి పెట్టె మీద ఉన్న పేరు చాలక ప్రతి సిగార్‌కీ పేరు తగిలించాల్సి వచ్చింది. వీటన్నిటికంటే ముందున్న పేరు కబాన్యాస్. రాజు గుత్తాధిపత్యం ఇంకా పోకముందే, హవానాలో 1810లో బ్రాండ్లను రిజిస్టర్ చేయించుకున్న తొలి పేర్లలో అదొకటి.

పేరు ఊరు దాటి వెళ్లిపోవడం మొదలైంది మాత్రం అమెరికా సుంకం వల్ల. తయారైన సిగార్ మీద పన్ను భారీగా వేసి ఆకు మీద తక్కువ వేస్తే ఏమవుతుందో చెప్పడానికి విసెంతె మార్తీనెస్ ఈబోర్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. స్పెయిన్‌లోని వాలెన్సియాలో పుట్టి కుర్రతనంలోనే క్యూబా వచ్చిన ఈయన హవానాలో ఎల్ ప్రిన్సిపె దె గాలెస్ అనే బ్రాండ్ పెట్టాడు. 1868లో స్పెయిన్ మీద తిరుగుబాటు మొదలైంది, తిరుగుబాటుదారులకు సాయం చేస్తున్నాడన్న అనుమానం ఈయన మీద పడింది, 1869లో సముద్రం దాటి ఫ్లోరిడాలోని కీ వెస్ట్ చేరాడు. ఆకు క్యూబా నుంచి, చుట్టేవాళ్లు క్యూబా నుంచి, పేరు కూడా క్యూబా నుంచే, పన్ను మాత్రం ఆకు మీద పడేంతే. లాభం చూసి మిగతావాళ్లూ వచ్చారు. తర్వాత ఆయన టాంపా పక్కన ఖాళీ నేల కొని ఈబోర్ సిటీ అనే ఊరే కట్టించాడు, 1886లో కీ వెస్ట్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి అక్కడి ఫ్యాక్టరీ కాలిపోవడంతో మకాం పూర్తిగా టాంపాకి మారింది. హవానా ఆకుతో అమెరికాలో చుట్టిన ఈ సరుకుని క్లియర్ హవానా అనేవాళ్లు, కొన్ని దశాబ్దాల పాటు అసలు హవానాతో సమానంగా చలామణీ అయింది. కాకపోతే వీటి ప్రాణం ఆకులో ఉంది. 1962 ఫిబ్రవరిలో కెనెడీ ప్రభుత్వం క్యూబా మీద ఆంక్షలు పెట్టడంతో ఆకు ఆగిపోయింది, గోదాముల్లో ఉన్న నిల్వ అయిపోయాక క్లియర్ హవానా అని రాసుకునే హక్కు ఎవరికీ మిగల్లేదు.

ఇక అసలు దెబ్బ. 1898లో స్పెయిన్ ఓడిపోయి క్యూబా అమెరికా సైన్యం చేతికి వచ్చాక అమెరికన్ టొబాకో కంపెనీ హవానాలో దిగింది. దాని యజమాని జేమ్స్ బుకానన్ డ్యూక్ అప్పటికే సిగరెట్ మెషిన్లతో అమెరికా మార్కెట్‌ని మింగేసినవాడు. కొన్నేళ్లలోనే హెన్రీ క్లే, బోక్, కబాన్యాస్, లా కొరోనా, వియ్యార్ ఇ వియ్యార్, లా కరోలినా, లా మెరిదియానా, పెద్రో మూరియాస్, ఇంకా చాలా పేర్లు ఒకే కంపెనీ కిందికి వచ్చేశాయి. క్యూబావాళ్లు దాన్ని ట్రస్ట్ అని ఒక్క మాటలో అనేవాళ్లు. ఈ డ్యూక్ పేరు తెలుగువాళ్లకి మరీ పరాయిది కాదు. అదే రోజుల్లో, 1902లో, బ్రిటన్‌లోని ఇంపీరియల్ టొబాకోతో రాజీ పడి అతను పెట్టిన బ్రిటిష్ అమెరికన్ టొబాకో తర్వాతి కాలంలో ఇండియాకీ వచ్చింది, దాని కుటుంబంలోదే గుంటూరు, చీరాల ప్రాంతంలో వర్జీనియా పొగాకు పండించడం నేర్పించిన ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ (ఐఎల్‌టీడీ).

ట్రస్ట్‌కి అమ్మడానికి ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. పర్తాగాస్‌ని నడుపుతున్న సిఫుయెంతెస్ కుటుంబం, అప్‌మన్ అనే జర్మన్ కుటుంబం, ఓయో దె మొంతెర్రేయ్ యజమాని హెనెర్ వారసులు, 1903లో రొమియో ఇ హులియేతా కొన్న పెపీన్ రొద్రీగెస్. వీళ్లు తమని తాము స్వతంత్ర ఫ్యాక్టరీలం అని ప్రకటనల్లో గొప్పగా చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ట్రస్ట్ కొన్న పెద్ద పేర్లలో ఇవాళ హవానా ముఖ్యమైన బ్రాండ్‌గా బతికున్నది ఒక్కటీ లేదు, కొనలేకపోయిన నాలుగూ ఇంకా ముందు వరసలోనే ఉన్నాయి. దీన్ని కేవలం యాదృచ్ఛికం అనుకోవడం కష్టం. ట్రస్ట్‌కి హెన్రీ క్లే అంటే ఎన్నో పేర్లలో ఒక పేరు, అవసరమైతే వాడతారు, లేకపోతే పక్కన పెడతారు. పెపీన్ రొద్రీగెస్‌కి ఉన్నది ఒకటే పేరు, దాన్ని చంపుకుంటే తనూ పోతాడు. అందుకే ఆయన యూరప్ అంతా తిరిగి ప్రచారం చేశాడు, ప్రముఖుల కోసం విడిగా పట్టీలు అచ్చేయించి మరీ సిగార్లు అమ్మాడు.

ట్రస్ట్ పేర్లు ఎలా కరిగిపోయాయో లా కొరోనాలో చూడొచ్చు. దీని సైజు ఎంత ఆదరణ పొందిందంటే మిగతా ఫ్యాక్టరీలన్నీ అదే పొడవు, అదే లావు చేసి కొరోనా అనే అమ్మడం మొదలుపెట్టాయి. లండన్‌లోని ఒడ్డెనినో రెస్టారెంట్‌లో కొరోనా అడిగితే వేరే బ్రాండ్ సిగార్ తెచ్చిచ్చారు. కంపెనీ కోర్టుకెక్కింది, 1920ల మొదట్లో తీర్పు వచ్చింది. ఈ మాట కొందరికి బ్రాండ్, ఇంకొందరికి సైజు, కాబట్టి అడిగినవాడికి ఏది కావాలో కనుక్కోకుండా వేరేది అంటగట్టకూడదు అన్నది దాని సారాంశం. కేసు గెలిచారు, పేరు మాత్రం ఓడిపోయింది. ఇవాళ కొరోనా అంటే దాదాపు 142 మిల్లీమీటర్ల పొడవు, అంగుళంలో 42/64 వంతు లావు ఉండే ఒక కొలత, అంతే. ఆ పేరుతో ఒక ఫ్యాక్టరీ ఉండేదని అడిగేవాడికీ తెలియదు, ఇచ్చేవాడికీ తెలియదు.

1911లో అమెరికా సుప్రీంకోర్టు అమెరికన్ టొబాకోని ముక్కలు చేయమంది గానీ హవానా పేర్లు ఆ గూటిలోనే ఉండిపోయాయి. 1930ల మాంద్యం వచ్చేసరికి కంపెనీ కూలి తగ్గించబోయింది, కార్మికులు సమ్మె చేశారు, 1932లో కంపెనీ అమెరికా మార్కెట్‌కి పంపే సిగార్ల తయారీని మొత్తంగా ఎత్తి న్యూజెర్సీలోని ట్రెంటన్‌లో పెట్టింది. కాస్త్రో రావడానికి ఇంకా ఇరవై ఏడేళ్లుంది అప్పటికి! క్యూబా బ్రాండ్లన్నిటినీ విప్లవమే మింగేసిందని రాసేవాళ్లు ఈ ఒక్క సంవత్సరాన్ని దాటవేస్తుంటారు. హెన్రీ క్లే, లా కొరోనా పేర్లకి హవానా ఊరితో ఉన్న బంధం అప్పుడే సగం తెగింది, తెంచింది కూడా అమెరికా కంపెనీయే.

1960 సెప్టెంబర్ 15న క్యూబా ప్రభుత్వం సిగార్ ఫ్యాక్టరీలను స్వాధీనం చేసుకుంది. ఇక్కడ జరిగింది కాస్త వింతగా ఉంటుంది. ఫ్యాక్టరీ భవనాలకు విప్లవ వీరుల, కార్మిక నాయకుల పేర్లు పెట్టారు: పర్తాగాస్ భవనం ఫ్రాన్సిస్కో పేరెస్ హెర్మాన్ అయింది, అప్‌మన్ భవనం హొసే మార్తీ అయింది, రొమియో ఇ హులియేతా భవనం బ్రియోనెస్ మొంతోతో అయింది. పెట్టుబడిదారుల పేర్లు గోడల మీద తుడిచేసి పెట్టెల మీద మాత్రం అలాగే ఉంచారన్నమాట. అసలైతే పెట్టెల మీద కూడా తుడిచేద్దామని మొదట ప్రయత్నం జరిగిందనీ, వందలాది బ్రాండ్లు రద్దుచేసి సిబొనే అనే ఒకే పేరుతో నాలుగు సైజులు తీసుకొచ్చారనీ, అమ్మకాలు కుప్పకూలాక పాత పేర్లు మళ్లీ తెచ్చారనీ సిగార్ చరిత్రల్లో చెబుతారు. వివరాలు ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పినా విదేశీ డబ్బు కావాలంటే పాత పేర్లు కావాల్సిందే అన్న లెక్క మాత్రం ఆ తర్వాతి అరవై ఏళ్లలో స్పష్టంగానే కనిపిస్తుంది.

మరి యజమానులు? వాళ్లు ఫ్యాక్టరీ, పొలం, ఇల్లు అన్నీ వదిలేసి వెళ్లారు గానీ పేరు తమదే అన్నారు. అమెరికా కోర్టులు కూడా అదే మాట అన్నాయి: అమెరికాలో రిజిస్టరైన ట్రేడ్‌మార్క్ అమెరికాలో ఉన్న ఆస్తి, దాన్ని హవానాలో చేసిన చట్టం స్వాధీనం చేసుకోజాలదు అని. దాంతో సిఫుయెంతెస్ కుటుంబం పర్తాగాస్ పేరుని అమెరికాలోని జనరల్ సిగార్ కంపెనీకి అమ్మింది, పలీసియో అనే మరో పాత యజమాని దగ్గరున్న ఓయో దె మొంతెర్రేయ్, పంచ్ పేర్లు విల్లజోన్ కంపెనీకి వెళ్లి హొండురాస్‌లో తయారవడం మొదలైంది, అప్‌మన్, మొంతెక్రిస్తో డొమినికన్ రిపబ్లిక్‌లో మరో జన్మ ఎత్తాయి. ఇప్పుడు ఒకే పేరుతో రెండు సిగార్లు, రెండు దేశాలు, ఇద్దరు ఓనర్లు. ఈ గొడవే ఆ పేర్లను బతికించింది. క్యూబా వాడకపోతే ఎదుటివాడు వాడతాడు, ఎదుటివాడు వాడుతున్నాడు కాబట్టి క్యూబా వదలదు. గొడవ పడటానికి ఎవరూ లేని పేర్లే నిశ్శబ్దంగా పోయాయి.

ఇందులోనే కాస్త భిన్నమైనది లా అరోమా దె కూబా. విన్‌స్టన్ చర్చిల్ 1895లో స్పెయిన్ సైన్యం పక్కన యుద్ధం చూడటానికి కుర్ర ఆఫీసర్‌గా క్యూబా వెళ్లి సిగార్ రుచి మరిగినవాడు, ఆయనకి ఇష్టమైన బ్రాండ్లుగా ఎక్కువగా చెప్పేవి రెండు, రొమియో ఇ హులియేతా, ఈ లా అరోమా. ఇద్దరికీ ఒకే కస్టమర్. ఒకటి తన పొడవాటి సైజుకి చర్చిల్ పేరు పెట్టుకుని ఇప్పటికీ సొమ్ము చేసుకుంటోంది, రెండోది క్యూబాలో ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు ఆ పేరుతో దొరికేది నికరాగువాలో తయారయ్యే వేరే సిగార్. ప్రముఖుడు తాగితే బ్రాండ్ బతికిపోతుందని అనుకునేవాళ్లు దీన్ని ఒకసారి గుర్తుపెట్టుకోవాలి.

విప్లవం తర్వాత కూడా పేర్లు రాలుతూనే వచ్చాయి, అయితే ఈసారి కారణాలు మరీ సాదాసీదావి. 1979, 80 సంవత్సరాల్లో నీలి బూజు తెగులు క్యూబా పొగాకు పంటని దాదాపు తుడిచిపెట్టేసింది, ఆకే లేనప్పుడు ఏ బ్రాండ్‌లో ఎన్ని సైజులు అన్న ప్రశ్నే రాదు. ఆ ప్రాంతంలో జాబితాల నుంచి పోయిన సైజులు చాలావరకు మళ్లీ రాలేదు. ఇక మెషిన్ సంగతి వేరే. పోర్ లర్రాన్యాగా ఫ్యాక్టరీ 1925లోనే సిగార్ చుట్టే మెషిన్లు తెస్తే కార్మికులు బహిష్కరించారు, 1950 వరకు క్యూబాలో మెషిన్లకు దారి తెరుచుకోలేదు. తర్వాతి దశాబ్దాల్లో కబాన్యాస్, లా కొరోనా, ట్రోయా, లోస్ స్తాతోస్ దె లుక్సే లాంటి పేర్లకి ఎక్కువగా మెషిన్ సరుకే మిగిలింది. 2000లో హబానోస్‌లో సగం వాటాని ఆల్టాడిస్ అనే యూరప్ పొగాకు కంపెనీ కొన్నాక బ్రాండంటే చేత్తో చుట్టిన ఖరీదైన వస్తువే అన్న లెక్క బలపడింది, చవక మెషిన్ పేర్లు ఆ లెక్కలో ఇమడలేదు. రెండు శతాబ్దాల కిందటి కబాన్యాస్ పోయింది అలాగే, ఏ హడావుడీ లేకుండా.

డేవిడాఫ్ కథ మాత్రం హడావుడిగానే ముగిసింది. జెనీవా వ్యాపారి జినో డేవిడాఫ్ పేరుతో క్యూబా 1960ల చివర్లో తన ఎల్ లగీతో ఫ్యాక్టరీలో సిగార్లు చుట్టింది. నాణ్యత మీద గొడవలు ముదిరి 1989లో కంపెనీ లక్షకు పైగా సిగార్లను అందరూ చూస్తుండగా తగలబెట్టింది, 1991తో క్యూబా డేవిడాఫ్ అమ్మకం ఆగిపోయింది. డన్‌హిల్ పేరుతో క్యూబా చుట్టిన సిగార్లూ ఆ ప్రాంతంలోనే ఆగిపోయాయి. ఇవి మరుగున పడ్డాయి అనడం కంటే వేలంపాటల్లో బతుకుతున్నాయి అనాలి, ఆ పాత పెట్టెలకు ఇప్పుడు పలికే ధరలు వింటే కళ్లు తిరుగుతాయి.

ధరలు అలా ఉన్నాయి కాబట్టి నకిలీలూ ఉంటాయి, అందుకే పాత పెట్టె వయసు ఎలా కనిపెడతారో తెలుసుకోవడం పనికొస్తుంది. పేరు కింద రాసుకునే స్థాపన సంవత్సరాన్ని మాత్రం నమ్మకూడదు, ఎందుకంటే యజమాని మారినప్పుడల్లా పాత ఫ్యాక్టరీ తేదీని కొత్త బ్రాండ్‌కి తగిలించుకునే అలవాటు 19వ శతాబ్దం నుంచీ ఉంది. నమ్మదగినవి ప్రభుత్వం వేసిన గుర్తులు. పెట్టె పక్కన అతికించే ఆకుపచ్చ హామీ ముద్ర 1912 చట్టంతో వచ్చింది, 1931లో డిజైన్ మారింది, ఆ డిజైన్ 1990ల చివరిదాకా నడిచింది. అడుగున కాల్చి వేసే ముద్రలో ఇంగ్లిష్‌లో హవానా, క్యూబా అని ఉంటే అది 1961కి ముందుది, స్పానిష్‌లో ఎచో ఎన్ కూబా అని ఉంటే ఆ తర్వాతిది. దానికి తోడు తొతల్మెంతె ఆ మానో, అంటే పూర్తిగా చేత్తో చేసింది అన్న మాట కూడా ఉంటే 1989కి ఇటువైపుది.

1985 నుంచి ఇంకో తమాషా మొదలైంది. నివెలకూసో అనే అర్థం లేని పదం ఒకటి తీసుకున్నారు. స్పానిష్‌లో రాస్తే అందులో ఎక్కడా రిపీట్ కాని పది అక్షరాలు. మొదటిది ఒకటి, రెండోది రెండు, అలా చివరి అక్షరం సున్నా. ముందు ఫ్యాక్టరీ పొడి అక్షరాలు, తర్వాత రెండక్షరాల్లో నెల, రెండక్షరాల్లో సంవత్సరం. జేఎం ఓసీఎస్ఎల్ అని ఉంటే హొసే మార్తీ ఫ్యాక్టరీలో, అంటే పాత అప్‌మన్ భవనంలో, 1995 జూలైలో పెట్టెకెక్కిందని అర్థం. ఈ రహస్యం ఎక్కువ కాలం దాగలేదు, పదేళ్లు దాటేసరికి కలెక్టర్లందరికీ తెలిసిపోయింది, ఆ తర్వాత కోడ్ మార్చేశారు. ఇదంతా కూడా 1985 తర్వాతి సరుకుకే. వియ్యార్ ఇ వియ్యార్ లాంటి ట్రస్ట్ కాలపు పేర్ల విషయంలో మిగిలేది లేబుళ్లు, పాత ధరల పట్టికలు, కోర్టు కాగితాలే.

పోయిన పేర్లు తిరిగి రావడమూ ఉంది. లా ఎస్సెప్సియోన్ అనేది ఓయో దె మొంతెర్రేయ్ స్థాపకుడు హొసే హెనెర్‌దే, ట్రస్ట్ దాన్ని కొనలేదు, అయినా ఆగిపోయింది, అంటే పైన చెప్పిన రెండు జాబితాల సూత్రం అన్నిచోట్లా పనిచేయదు. 2010ల్లో ఇటలీ మార్కెట్ కోసం ఆ పేరుతో కొన్ని ప్రత్యేక పెట్టెలు మళ్లీ తీశారు. హెన్రీ క్లే ఇప్పుడు డొమినికన్ రిపబ్లిక్‌లో తయారవుతోంది. కొహీబా విషయంలో అయితే 2022 డిసెంబర్‌లో అమెరికా ట్రేడ్‌మార్క్ బోర్డు, ఆ పేరుని అక్కడ తన కింద నమోదు చేయించుకున్న జనరల్ సిగార్ రిజిస్ట్రేషన్లను రద్దు చేయాలని క్యూబా పక్షాన చెప్పింది. అమెరికాలో ఇంకా అమ్మకానికే వీల్లేని సిగార్ పేరు కోసం క్యూబా పాతికేళ్లు లాయర్లకు ఫీజులు కడుతూ వచ్చింది. వియ్యార్ ఇ వియ్యార్ కోసం అలా ఒక్క లాయరూ నిలబడలేదు.